బొట్టు కింద మచ్చ

నుదుటిమీద, సరిగ్గా స్టిక్కర్ బొట్టు అంటించుకునేచోట, కందిగింజంత తెల్లమచ్చ! అంతకుముందు కొన్నాళ్ళు దురద పెడితే గోక్కుని ఊరుకున్నాను. మచ్చ కనిపించాక మనలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. ఇంకాస్త పెద్ద బొట్టు పెట్టాను.

చివరికి చర్మవ్యాధుల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళక తప్పలేదు. కొన్ని స్టిక్కర్ల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుందట. పడనివాళ్ళకి చర్మానికి రంగునిచ్చే కణాలనే అది దెబ్బ తీస్తుందట. మానేసినా పోయిన రంగు తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. హిస్టరీతో బి.ఏ. చదివిన నాకు ఆ పేరు నోరు తిరగలేదు గాని, సంగతి బాగానే అర్థమైంది.

అర్థమయ్యాక నేను చేసిన పని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ. సొరుగులో ఇంకా వాడని అట్టలు ఆరున్నాయి. డబ్బు పోసి కొన్నవి, పారేయడానికి ప్రాణం ఒప్పలేదు. పనిమనిషికిచ్చాను. మురిసిపోయింది. 'అందరికీ పడకపోదుగా' అని సర్దిచెప్పుకున్నాను.

తెలియక తప్పుచేసిన ఆడవాళ్ళను నా నవలల్లో ఎందరినో క్షమించాను. మరి తెలిసి చేసినదాన్ని? నేను చదివిన చదువు నా నుదురు మట్టుకే కాపాడుతుందా?

మర్నాడు అదే బొట్టు నిండుగా పెట్టుకుని వచ్చింది. నా కుంకుమకేసి చూసి, "మీరు మానేశారేం అమ్మగారూ?" అంది.

బొట్టు చెరుపుకోకూడదంటారు. చెంగుతో కాస్త పక్కకి తుడిచి, మచ్చ చూపించి, ఉన్నదంతా చెప్పాను. దాని చెయ్యి దాని నుదుటిమీదికి వెళ్ళింది.

"మరి నిన్ననే చెప్పలేదేం?" అంది.