పురావస్తు సేకరణలో స్వామ్యం: ఒక నైతిక పరిశీలన

తిరుచానూరులో పంచమీతీర్థంనాడు పద్మసరోవరాన స్నానమాడే సుదర్శనచక్రాన్ని పురావస్తువుగా ఎవరూ చూడరు. వాడుకలో ఉన్నంతకాలం వస్తువుకు వయసుతో పనిలేదు. వాడుక తెగినచోటనే సేకర్త ప్రవేశిస్తాడు. అది ఎవరివల్ల తెగిందన్నదే ఇక్కడి నైతికప్రశ్న.

ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుండి అపహృతమైన సున్నపురాతి శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల కొనుగోలు చేసి, 2016లో భారతదేశానికి తిరిగి అప్పగించింది. అందులో చర్చకు తావు తక్కువ. చిక్కంతా ఇంటి సామగ్రితోనే. అటకమీది ఇత్తడి గంగాళం, కంచుచెంబు స్టీలు పాత్రలకు మారకంగా తూకానికి పోతాయి. సేకర్త కొనకుంటే అవి కొలిమిలో కరుగుతాయి. కనుక అతడు రక్షకుడే అన్న వాదం బలమైనదే. అయితే తూకపు ధరకు కొని ప్రాచీనత ధరకు అమ్మేవాడు, అమ్మినవారి తెలియనితనాన్ని కూడా కొంటున్నాడు. నూరేళ్లు దాటిన వస్తువుల ఎగుమతిని అదుపుచేసే 1972 నాటి చట్టం ఈ బేరంలోని ధర న్యాయాన్యాయాల జోలికి పోదు. ఏ ఊరిది, ఎవరింటిది, ఏ శుభకార్యానికి అటక దింపేవారు అన్న వివరాన్ని రాసి ఉంచిన సేకర్తకే రక్షకుడన్న పేరు కొంతవరకు చెల్లుతుంది. పాత్రలపై పేర్లు చెక్కించుకొనడం తెలుగిండ్ల ఆనవాయితీ. మెరుగుపెట్టే నెపంతో ఆ అక్షరాలను చెరిపివేసే సేకర్త, తన వాదానికి ఉన్న ఏకైక సాక్ష్యాన్ని తానే తొలగించుకొంటున్నాడు.