మర పోయిన చోట మిగిలేది

ఒక వస్తువులో కొంత భాగం నశించి, ఆ స్థానంలో వేరొక పదార్థం చేరినప్పుడు అది పూర్వపు వస్తువేనా, కొత్త వస్తువా అన్న ప్రశ్నను భారతీయ దర్శనాలు వస్త్రం, రథం, కుండ, దీపజ్వాల వంటి ఉదాహరణలతో శతాబ్దాలపాటు చర్చించాయి. ఆ వరుసలో చేర్చదగిన ఉదాహరణ ఒకటి పాత మోటారు వాహనాలను బాగుచేసే చోట కనిపిస్తుంది. అది కార్బ్యురేటర్‌లో, అంటే పెట్రోలును గాలితో తగిన పాళ్లలో కలిపి ఇంజనుకు అందించే సాధనంలో, చెడిపోయిన మరను తిరిగి నిలబెట్టే పని. స్క్రూ బిగుసుకోవడానికి రంధ్రం లోగోడ మీద మెలికలుగా కోసిన గాడినే మర అంటారు. మెకానిక్కుల వాడుకలో అది థ్రెడ్.

ఇంగ్లండులోని ఆమల్ సంస్థ 1967లో ప్రవేశపెట్టిన కాన్సెంట్రిక్ కార్బ్యురేటర్‌ను తీసుకుంటే ఈ చేటు ఎలా కలుగుతుందో స్పష్టమవుతుంది. ట్రయంఫ్, నార్టన్, బీఎస్ఏ మోటార్ సైకిళ్లకు అమర్చిన ఈ సాధనం దేహం జింకు మిశ్రమాన్ని అచ్చులో పోసి చేసినది. దానిలో బిగించే స్క్రూలు ఉక్కువి. అడుగున ఉండే పెట్రోలు గిన్నెను శుభ్రపరచడానికి ఎన్నోసార్లు విప్పి బిగించవలసి వస్తుంది; ప్యాకింగ్ పాతబడి పెట్రోలు కారినప్పుడు, దానిని మార్చడానికి బదులు స్క్రూనే మరింత బిగించడం జరుగుతుంది. అప్పుడు ఉక్కు లొంగదు, మెత్తని మిశ్రమమే తెగుతుంది, తెగిన లోహం స్క్రూ గాళ్లలో ఇరుక్కొని సన్నని చుట్టలా బయటికి వస్తుంది. పరాయి స్క్రూ వల్ల కలిగే నష్టం ఇంకా సూక్ష్మమైనది. పాత బ్రిటిష్ యంత్రాలలో కనిపించే 2 బీఏ కొలత స్క్రూ వ్యాసం 4.7 మిల్లీమీటర్లు, మెలికకూ మెలికకూ దూరం 0.81 మిల్లీమీటర్లు, గాడి కోణం 47.5 డిగ్రీలు, నేడు ఎక్కడైనా దొరికే 5 మిల్లీమీటర్ల మెట్రిక్ స్క్రూకు ఆ దూరం 0.8, కోణం 60 డిగ్రీలు. ఈ రెండూ చూపుకు ఇంచుమించు ఒకటే కావడం వల్ల, ఒకదాని రంధ్రంలో రెండవది బలవంతంగా దిగుతుంది, దిగుతూనే పాత మరను కోసివేస్తుంది.

ఇక్కడ పోయినది ఏమిటో నిర్ణయించడం అనుకున్నంత సులభం కాదు. పోయిన లోహం తూకానికి అందనంత స్వల్పం. నిజంగా పోయినది ఆకారం. భారతీయ దర్శనకారులలో న్యాయవైశేషికులు లేకపోవడాన్ని కూడా ఒక పదార్థంగా, అంటే ఉన్నవాటిలో ఒక వర్గంగా, లెక్కించి, దానికి అభావమని పేరు పెట్టి, వస్తువు పుట్టకముందు ఉండే లేమిని ప్రాగభావమనీ, నశించిన తరువాత కలిగే లేమిని ప్రధ్వంసాభావమనీ విభజించారు. ప్రధ్వంసాభావానికి ఆది ఉంది గాని అంతం లేదు. అంటే నశించిన మర ఏ ఉపాయంతోనూ తిరిగి రాదు, వచ్చేది మరొక మర. వారి వాదం అంతటితో ఆగదు. వస్త్రాన్నే తీసుకుంటే దారాలు అవయవాలు, అంటే భాగాలు; వస్త్రం అవయవి, అంటే ఆ భాగాలతో ఏర్పడిన మొత్తం. వస్త్రం దారాలలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉంటుంది కనుక, ఒక్క దారం లాగివేసినా పూర్వపు వస్త్రం నశించి, మిగిలిన దారాలలో ఖండపటమనే కొత్త వస్త్రం పుడుతుందని వారు అంగీకరించారు. ఈ లెక్కన మర తెగిన క్షణంలోనే పాత కార్బ్యురేటర్ నశించింది. ఈ నిష్కర్ష కఠినమైనదే గాని, ఇందులో ఒక నిజాయితీ ఉంది: పోయినదాన్ని పోలేదని అది చెప్పదు.

అయితే మరమ్మతు జరిగే తీరును గమనిస్తే ఈ లెక్క చాలదని తోస్తుంది. రంధ్రాన్ని గట్టి జిగురుతో నింపి మళ్లీ మర కోయడం తేలిక, కాని విప్పి బిగించే ఒత్తిడికి అది ఎక్కువ కాలం ఆగదు. రంధ్రాన్ని పెద్దది చేసి లావు స్క్రూ వేయడం మరొక దారి. అప్పుడు గిన్నెకున్న రంధ్రాన్నీ పెంచవలసి వస్తుంది, ఒక చోటి చేటు రెండవ చోటికి పాకుతుంది. మేలైన పద్ధతి హెలికాయిల్, అంటే తుప్పుపట్టని ఉక్కు తీగను స్ప్రింగులా చుట్టి చేసిన లోతొడుగు. ముందు రంధ్రంలో మిగిలిన పాత మరను పూర్తిగా తొలిచివేస్తారు. 6 మిల్లీమీటర్ల స్క్రూకు మొదట 5 మిల్లీమీటర్లు ఉన్న రంధ్రం ఇప్పుడు సుమారు 6.3 అవుతుంది. దానిలో ట్యాపు అనే మర కోసే ప్రత్యేక సాధనంతో కొత్త గాళ్లు కోసి, తీగచుట్టను తిప్పుతూ దించి, చివరి కొక్కేన్ని విరిచివేస్తారు. ఆ చుట్ట లోపలి కొలత పాత స్క్రూ కొలతే. కొనవూపిరితో మిగిలిన మెలికలను కూడా తీసివేయడానికి సాహసించనిదే ఈ పని సాగదు. వాటి మీద జాలిపడి సగం ఉంచితే తొడుగు నిలవదు.

ఈ పనిలో పోయిన మర కొలతను చెప్పగలిగేది ఎవరు? గోడలో దాని జాడ లేదు; దాని జంటైన పాత స్క్రూలో ఉంది. మెలికల దూరం, కోణం, వ్యాసం స్క్రూ నుంచే కొలుస్తారు. ఆలయాల జీర్ణోద్ధరణలో దీనిని పోలిన ఏర్పాటు ఒకటి ఉంది. జీర్ణమైనదాన్ని పైకెత్తడమే జీర్ణోద్ధరణ; ఆగమ విధానంలో గర్భాలయం పని ముగిసేవరకు దేవతాశక్తిని కుంభంలోకి ఆవాహనచేసి, బాలాలయమనే తాత్కాలిక మందిరంలో ఆరాధన కొనసాగిస్తారు. యాదగిరిగుట్టలో ప్రధానాలయం 2022 మార్చి 28న తిరిగి తెరుచుకునే వరకు భక్తులకు దర్శనం బాలాలయంలోనే జరిగింది. రాయి మారింది, శిల్పం మారింది. ఆరాధనా సంబంధం తెగలేదు కనుక ఆలయం అదేనని భక్తులు ఎరుగుదురు. స్క్రూను దేవతాశక్తితో సమానం చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఒక వస్తువు అస్తిత్వాన్ని దాని పదార్థమే కాక, అది దేనితో అమరి ఉందో అది కూడా కాపాడగలదన్నది రెండు చోట్లా కనిపించే సత్యం.

ఈ సత్యానికి దగ్గరగా వచ్చినవాడు బౌద్ధ దార్శనికుడు ఆచార్య నాగార్జునుడు. విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో ఆయన బండి, కుండ, వస్త్రం ఇతర కారణాల మీద ఆధారపడి పుట్టినవి కనుక స్వభావశూన్యాలనీ, అయినా కట్టెలు మోయడం, నీరు నిలపడం, చలి నుంచి కాపాడడం అనే తమ పనులను చేస్తూనే ఉన్నాయనీ చూపాడు. శూన్యత అంటే రంధ్రం వంటి ఖాళీ కాదు, తనంతట తానుగా ఉండే స్వభావం లేకపోవడం. ఈ తేడాను విస్మరిస్తే పోలిక తప్పుదారి పడుతుంది. మరకు అటువంటి స్వభావం ఏనాడూ లేదు. స్క్రూ లేనప్పుడు అది వట్టి గరుకు గోడ. స్క్రూ ఉన్నప్పుడు అది పెట్రోలు కారకుండా పట్టుకునే బిగువు. లేని స్వభావం నశించిందని శోకించడం కన్నా, పోయిన సంబంధాన్ని పాత కొలతతో నిలబెట్టడమే ఆ వస్తువుకు చేయగల న్యాయం. ఈ కారణంగానే లావు స్క్రూ వేసిన పని కన్నా, పరాయి లోహం చేరినప్పటికీ, తీగచుట్ట వేసిన పని పూర్వవస్తువుకు విధేయమైనదని చెప్పవలసి ఉంటుంది.

మొదటి రూపమే శ్రేష్ఠమనీ, బాగుచేసినది ఎప్పుడూ ఒక మెట్టు తక్కువేననీ ఉన్న భావన కూడా ఇక్కడ నిలవదు. మెత్తని లోహంలో ఉక్కుతీగ మర అసలు మర కన్నా గట్టిది. విమాన ఇంజన్ల అల్యూమినియం భాగాలలో ఇటువంటి చుట్టలను చెడిపోయాక కాదు, మొదటి తయారీలోనే అమర్చారు. అయినా న్యాయవైశేషికుల నిజాయితీని వదులుకోకూడదు. స్క్రూ బిగించాక చుట్ట కంటికి కనిపించదు కనుక, పాత వాహనం ఒక చేతి నుంచి మరొక చేతికి మారేటప్పుడు ఏ రంధ్రంలో లోతొడుగు ఉందో, ఏ కొలత స్క్రూ వాడాలో ఇచ్చేవారు తీసుకునేవారికి చెప్పాలి, వీలైతే రాసి ఇవ్వాలి.