మిడతలమని చెప్పినదెవరు?

(సంఖ్యాకాండము 13:26–33)



కనానును వేగుచూచి వచ్చిన పండ్రెండుగురిలో పదిమంది, అనాకు వంశస్థుల యెదుట తమకు తాము మిడతలవలె తోచిరి; వారికిని అట్లే కనబడితిమని ప్రజలతో చెప్పిరి. అయితే అనాకీయులు ఆ మాట పలికినట్టు వాక్యములో ఎక్కడను లేదు. ఆ పదిమంది తమ భయమునే ఎదుటివారి కన్నులలో చదువుకొనిరి. ఇతరులు మనలను ఎట్లు ఎంచుచున్నారని ఊహింతుమో, ఆ ఊహయే మనకు అద్దమగునని 1902లో అమెరికా పండితుడొకడు వ్రాసెను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో వేరు జిల్లాలు కాకమునుపు మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. దాని పాతపేరు పాలమూరు. కరువున ఊరు విడిచి, దూరప్రాంతములలో ఆనకట్టలు కట్టి, కాలువలు త్రవ్విన మనవారిని లోకము ‘పాలమూరు కూలీలు’ అనెను. పిలిచినవాడు మరచును, పిలువబడినవాడు ఆ పేరును ఇంటికి తెచ్చి బిడ్డలకు అప్పగించును. ఇంత నీటిని నిలిపిన చేతులు తమ్మును తాము తక్కువగా ఎంచుకొనుట ఎంత దుఃఖకరము!

కాలేబును అదే మనుష్యులను చూచెను. వారు పొడవైనవారు కారని అతడు చెప్పలేదు. దేవుడు తోడుగా నున్నాడని మాత్రము మరువలేదు.

మనమును ఇతరులకు అద్దములమే. ఆలయములో వెనుక చాపమీద కూర్చున్న కూలి సోదరి మన చూపులో తన్ను ఎట్లు చూచుకొనుచున్నది? ఈ ఆదివారము ఆమెను పేరుపెట్టి పలుకరించుదము.

ప్రభువా, నీవు మమ్మును చూచునట్లు ఒకరినొకరము చూచుటకు కన్నులు దయచేయుము. ఆమేన్.