మూగజీవి బాధ – మన నిర్ణయము

పాలమూరు, నల్లగొండ పల్లెలలో వీధికుక్క ఎవరిదీ కాదు, అందరిదీ. అట్టి ఒక కుక్కను ఒక గృహస్థు చేరదీసెననుకొందము. కొన్నినాళ్లకు దాని కాలు ఎడతెగక అదరసాగెను, నడక తూలెను, నడుమ నడుమ మూర్ఛలు వచ్చెను. ఇంటిలో ఒకరు "దూరముగా వదలివేయుద"మందురు. మరొకరు "సూది వేయించి బాధ తీర్చుద"మందురు. ఇంకొకరు "ప్రాణము తీయు హక్కు మనకెక్కడిది?" అందురు. ఇందులో ధర్మమేది?

మొదట రోగమును తెలిసికొనవలెను. అది రేబిస్ కాదని పశువైద్యుడు చెప్పువరకు కుక్కను విడిగా ఉంచి, పిల్లలను దరికి రానీయరాదు. డిస్టెంపరు వేరు. అది మనుష్యులకు అంటదు. దానినుండి బ్రతికిన కుక్కకు కండరముల అదురు జీవితాంతము మిగులవచ్చును. ఆ అదురుతోనే తిని, నిద్రించి, ఇంటివారిని చూచి తోక ఊపు కుక్కలు కలవు. మూర్ఛలను మందులతో పెక్కుమార్లు అదుపులో ఉంచవచ్చును.

కావున అసలు ప్రశ్న ఇది: మనము తీర్చదలచినది దాని బాధయా, దానిని చూడలేని మన బాధయా?

1928లో సబర్మతి ఆశ్రమమున నయముకాని వ్యాధితో యాతనపడుచున్న దూడకు గాంధీజీ వైద్యునిచే సూది వేయించి ప్రాణము విడిపించెను. పలువురు ఆక్షేపించిరి. అయినను అది ఆ జీవి మేలుకొరకే జరిగినదని ఆయన నిలబడి చెప్పెను. 2024 ఫిబ్రవరిలో మహబూబునగరు జిల్లా పొన్నకల్లు గ్రామమున ముసుగులు ధరించినవారు సుమారు 20 వీధికుక్కలను తుపాకులతో కాల్చి చంపిరి. రెండుచోట్లను మరణమే, దయ మాత్రము ఒకచోటనే.

బసవేశ్వరుడు సకల ప్రాణులయందును దయ చూపుమని బోధించెను. దయ యనగా జాలిపడుట మాత్రమే కాదు, చేతులతో చేయు సేవ. కుక్క తినుచు, మనలను గుర్తించుచు, మూర్ఛకు మూర్ఛకు నడుమ నెమ్మదిగా నిద్రించుచున్నంతకాలము దానిని బ్రతుకనీయవలెను. మందులకు లొంగక మూర్ఛలు ఎడతెగకున్నచో, వైద్యుడు ఇక నయము కాదన్నచో, బాధలేని మరణము కల్పించుట క్రూరత్వము కాదు. 2023 నాటి కేంద్ర నియమములు సైతము నయముకాని రోగముతోనున్న వీధికుక్కకు, అర్హుడైన పశువైద్యుని చేతనే, అట్టి మరణమును అనుమతించుచున్నవి.

కూలిచేసి బ్రతుకు కుటుంబమునకు మందుల ఖర్చు భారమే. ఆ భారమును ఇరుగుపొరుగువారు, మఠమువారు పంచుకొన్నచో అదియు దాసోహమే. ఎన్నడును చేయరానిది ఒక్కటి కలదు: తూలుచున్న జీవిని చీకటివేళ ఊరి పొలిమేరలో విడిచివచ్చుట. అది నిర్ణయము కాదు, నిర్ణయమునుండి పారిపోవుట. ఏది నిశ్చయించినను, కడవరకు దాని తలను మన ఒడిలో ఉంచుకొనవలెను.