ఉపచారము, ఉపకారము

వేపచెట్టు ఆకు రాల్చుట వింత కాదు. మాఘ ఫాల్గుణములలో పండుటాకును విడిచి, చైత్రము నాటికి ఎఱ్ఱని చిగుళ్లతోను పూతతోను నిండుట ఏటేట మనము చూచుచున్నదే. ఉగాది పచ్చడికి పూవు కావలసినవారు బెంగుళూరులో నున్నను, బరంపురములో నున్నను, షోలాపురములో నున్నను ఆ దినములలో పెరటివైపు ఆశతో చూతురు. కాని శ్రావణ భాద్రపదములలో, వానలు కురియుచుండగనే, కొమ్మల కొనలు మాడినట్లయి ఆకు రాలనారంభించినచో గృహస్థుని మనస్సు కలతపడును. ఏదో ఒకటి చేయవలెనని తోచును. ఈ తోచుట ధర్మబుద్ధి నుండి పుట్టినదా, మన కలతను చల్లార్చుకొను కోరిక నుండి పుట్టినదా అనునదే ఇచట విచారింపదగిన ప్రశ్న.

మన భాషలో ఉపచారము, ఉపకారము అను రెండు మాటలు పక్కపక్కనే యున్నవి. ఉపచారమున చేయువాని శ్రద్ధ ప్రధానము. ఉపకారమున పొందువాని మేలు ప్రధానము. ఆకలి లేని అతిథికి మాటిమాటికి వడ్డించుట ఉపచారమే. అతిథి విస్తరిపై చేయి అడ్డము పెట్టి చాలుననగలడు. చెట్టునకు ఆ చేయి లేదు.

ఆకు రాలుచున్న చెట్టునకు సామాన్యముగా జరుగునదేమి? మొదట నీరు. మానునకు ఆనించి బిందెల కొలది పోయుదురు. కాని నీటిని గ్రహించు సన్నని వేళ్లు మాను మొదట నుండవు. వానిలో అధికభాగము పైమట్టిలోనే, సుమారు రెండడుగుల లోపల, కొమ్మల నీడ అంచు వఱకును దానిని దాటియు వ్యాపించి యుండును. మొదట పోసిన నీరు బెరడును నానబెట్టును. నేల ఎడతెగక తడిసి యున్నచో వేళ్లకు గాలి యందదు. గాలి యందని వేరు నీటి నడుమ నుండియు నీటిని పీల్చజాలదు. ఆకు మఱింత రాలును. దాహమని తలచి యజమాని ఇంకను పోయును. తరువాత ఎరువు. నత్రజని మిక్కుటమైనచో లేత చిగుళ్లు విజృంభించును. జీడిమామిడి రైతులు టీ దోమ యని పిలుచు పురుగునకు ఆ లేత చిగుళ్లే విందు. దయతో మొదలిడిన పని ఇట్లు అపకారమున ముగియుచున్నది.

2021లో తెలంగాణములో వేపచెట్లు ఊరూర కొనల నుండి ఎండుట చూచి ప్రజలు బెదరిరి. అందఱకు మందిచ్చు వేపకే తెగులా యని ఆశ్చర్యపడిరి. దానికి ప్రధానకారణముగా చెప్పబడిన ఫోమోప్సిస్ అజాడిరాక్టే అను శిలీంధ్రమును 1997లోనే మైసూరు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వర్ణించి యుండిరి. ఎండిన కొనలను పచ్చిభాగము వఱకు కోసి కాల్చివేయుట మేలని నిపుణులు చెప్పుదురు. ఆ యేడు ఎండినట్లు కనబడిన చెట్లలో పెక్కు మరల చిగిర్చినవి. తొందరపడి నఱికినవాడు ఆ చిగురును చూడజాలడు గదా.

సురపాలుని వృక్షాయుర్వేదము చెట్ల వ్యాధులను వాత పిత్త కఫ భేదములచే విభజించినది. 1996లో సికిందరాబాదు నుండి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ దానిని ఆంగ్లానువాదముతో ప్రకటించినది. ఆ విభాగమును నేడు యథాతథముగా అంగీకరింప నక్కఱలేదు. మందుకు ముందు నిదానము అను క్రమమును మాత్రము విడువరాదు. నిదానమునకు వైద్యమున రోగకారణ నిర్ణయమని యర్థము. వాడుకలో ఓపిక యని యర్థము. చెట్టు కడ నిలిచినవానికి రెండును కావలెను.

కారణమును వెదకబోయిన పెక్కు గృహములలో ఆ వెదకులాట మన గడపకే తిరిగివచ్చును. ముంగిలి బురద కాకూడదని సిమెంటు పఱచితిమి. కారు నిలుపుటకు మాను వఱకు బండలు వేసితిమి. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ వృక్షముల చుట్టు ఒక మీటరు మేర కాంక్రీటు తొలగింపుమని ఆదేశించినది. మన పెరటికి అట్టి యాజ్ఞ రానక్కఱలేదు. ఇచటనే అసలు చిక్కు. నీరు పోయుటకు మనము కోల్పోవునది లేదు. బండ పెకలించుటకు కోల్పోవునది కలదు. కోడలు బురదను గూర్చి గొణుగును, కుమారుడు కారును గూర్చి వాదించును. వారి మాట అన్యాయమనియు చెప్పజాలము; ఇల్లు వారిది కూడ. అయినను, మనము తీసికొన్నదానిని తిరిగి యిచ్చుట దానమనిపించుకొనదు. అది బాకీ. చెట్టునకు పుణ్యము చేయుచున్నామని తలచువాడు బండను కదల్పడు. బాకీపడితినని తలచువాడు గడ్డపార తెచ్చును.

పరదేశమున వేరూనిన మనకు చెట్టును చూచినంతనే మనలను గూర్చి చెప్పుకొను అలవాటు కలదు. ఈసారికి దానిని మానుదము. వేపకు తన కష్టము తనకున్నది.

హద్దు లేకపోలేదు. మాను లోపల గుల్లయై, పిల్లలు నడచు సందుమీదికి వ్రాలియున్నచో చెట్టుపై మమకారము ఇరుగుపొరుగు ప్రాణములకంటె మిన్న కాదు. కాని అట్టి నిర్ణయమునకు ఆకు రాలుట ఒక్కటే సాక్ష్యము చాలదు. పలుతావుల సన్నని రెమ్మలను గోటితో గీచి చూడవలెను. పైతొక్క క్రింద పచ్చదనము కనబడినచో ప్రాణమున్నట్లే. అప్పుడు గొడ్డలిని వసారాలో పెట్టి, ఎండిన కొనలను మాత్రము కోసి, మాను చుట్టు నేలను విప్పి, రాలిన తెగులు రెమ్మలను ఏరివేసి, చైత్రము వఱకు వేచియుండవచ్చును. ఆ యేడు పచ్చడికి పూవు పొరుగింటినుండి తెచ్చుకొందము.