వాసనకు అలవాటుపడిన ముక్కు

ధ్యానభాగము: హెబ్రీ 5:14



వేసవి ఆరంభమున పాల్వంచ మొదలుకొని చర్ల వరకు మన అడవి పల్లెలలో ఇప్పపూలు రాలును. వాకిట ఆరబోసిన పూల వాసన పట్నమునుండి వచ్చిన చుట్టమునకు గడపలోనే తగులును. “ఇదేమి వాసన?” అని ఆయన అడుగగా, “ఏ వాసన?” అని మనము మారు అడుగుదుము. అయితే తెల్లవారకముందే పూలు ఏరబోవు తల్లిని చూడుడి. గుప్పెడు పూలు ముక్కు దగ్గర పెట్టుకొని, ఇవి బాగుగా ఎండినవి, ఇవి పులిసినవి అని ఆమె చెప్పగలదు. వాసన ఒకటే. మన ముక్కు మొద్దుబారెను, ఆమె ముక్కు పదునెక్కెను. ఇది ఎట్లు కలిగెను?

మన ముక్కులో వాసన పట్టు గ్రాహకములు సుమారు 400 రకములు కలవు. ఇట్టి గ్రాహకములను కనుగొన్నందుకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అను శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమానము లభించెను. ముక్కు పట్టిన వాసనను తెలిసికొనునది మెదడు. ఎడతెగక వచ్చు వాసనను మెదడు క్రమముగా లెక్కచేయుట మానును. శ్రద్ధతో మరల మరల చూచిన వాసనలనైతే, తన పనితీరునే మార్చుకొని, ఒకదానినుండి ఒకటి వేరుచేయ నేర్చుకొనును. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అనేకులకు వాసన తెలియకపోయెను. అట్టివారు గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగము దినమునకు రెండుమారులు శ్రద్ధగా వాసన చూడవలెనని వైద్యులు చెప్పిరి. నెలల తరబడి అట్లు చేసిన కొందరికి మేలు కలిగెను.

మేలు కీడులను పసిగట్టుటయు అభ్యాసమువలననే కలుగునని మన ధ్యానభాగము బోధించుచున్నది. ఇప్పపువ్వునందు దోషము లేదు, అది దేవుడు అడవిలో మనకిచ్చిన ఆహారము. అయితే ఇంటిలోనికి సారా వచ్చిన మొదటి రాత్రి ఇల్లాలు ఏడ్చెను, బిడ్డ ముక్కు మూసికొనెను. ఏడాది గడచెను. ఇప్పుడెవరును ముక్కు మూసికొనరు. వాసన పోలేదు, మనమే అలవాటుపడితిమి. తూకములో మోసము, పేదవానిపై అన్యాయపు వడ్డీ, పొరుగువాని కులమెత్తి ఆడు మాట, ఇవియు అట్టివే. మొదట మనస్సాక్షి ఉలికిపడెను, పిమ్మట ఊరకుండెను.

కావున ఈ నెల ఉదయమొకసారి, సాయంకాలమొకసారి వాక్యము ఎదుట కూర్చుండి, ఆ దినపు మాటలను, పనులను ఒక్కొక్కటిగా పరీక్షించుకొందము. ఒక దినముతో మొద్దుబారినది ఒక దినముతో పదునెక్కదు, విసుగక సాగుదము. మన ఇంట ఏ వాసన వచ్చుచున్నదో మన బిడ్డలనే అడుగుదము. వారు చెప్పినప్పుడు కోపపడకుందము.

ప్రభువా, మేము మరచిన దుర్వాసనను మాకు తెలియజేయుము. ఆమేన్.