ఇందులో రైలు ఏది?

బెర్లిన్‌లో రెండేళ్లకోసారి రైళ్ల తిరునాళ్ల జరుగుతుంది. పేరు ఇన్నోట్రాన్స్, 1996లో మొదలైంది. 2024 సెప్టెంబరులో నాలుగు రోజుల పాటు జరిగినప్పుడు సుమారు 2,900 సంస్థలు అక్కడ స్టాళ్లు తెరిచాయి. హాళ్ల బయట మూడున్నర కిలోమీటర్ల మేర పట్టాలుంటే, వాటి మీద దాదాపు 130 కొత్త బండ్లు నిలబెట్టారు. ట్రాములు, మెట్రోలు, బ్యాటరీతో నడిచేవి, హైడ్రోజన్‌తో నడిచేవి, పట్టాలు సరిచేసే యంత్రాలు, అన్నీ ఇప్పుడే రంగు వేసినట్టు మెరిసిపోతుంటాయి. వచ్చినవాళ్లు ఒక తలుపులోంచి ఎక్కి, సీట్లో కాసేపు కూర్చుని, కిటికీలూ కమ్మీలూ తడిమి చూసి, ఇంకో తలుపులోంచి దిగుతారు. ఎక్కిన చోటే దిగుతారు.

ఢిల్లీలో భారత మండపంలో 2025 అక్టోబరులో జరిగిన అంతర్జాతీయ రైల్వే పరికరాల ప్రదర్శనలోనూ ఇదే సందడి, కాస్త చిన్న స్థాయిలో.

హాల్లోకి అడుగుపెడితే బండ్లు కూడా కనిపించవు, బండి ముక్కలు కనిపిస్తాయి. ఒక స్టాల్లో బ్రేకు డిస్కులు, పక్కదాంట్లో కరెంటు తీగను తాకే పాంటోగ్రాఫు, ఇంకో చోట స్ప్రింగులు, తలుపు మోటార్లు, సీటు గుడ్డ, ఆఖరికి మరుగుదొడ్డి గొట్టాలు. వీటిలో ఇరుసుకి బిగించిన చక్రాల జత దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. మన రైళ్లలో వాడే ఎల్‌హెచ్‌బీ రకం పెట్టెలకి వేసే కొత్త చక్రం వ్యాసం 915 మిల్లీమీటర్లు. పట్టా మీద దొర్లే అంచు చదునుగా ఉండదు. లోపలివైపు వ్యాసం కాస్త ఎక్కువ, బయటివైపు కాస్త తక్కువ. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి కదలకుండా బిగించి ఉంటాయి కాబట్టి, దారి వంపు తిరిగినప్పుడు ఒక చక్రం పెద్ద వ్యాసం మీదా రెండోది చిన్న వ్యాసం మీదా దొర్లి, జత దానంతటదే వంపుతో పాటు తిరుగుతుంది. అరిగినప్పుడల్లా లేతు మీద పెట్టి ఆకారం సరిచేస్తారు. 845 మిల్లీమీటర్లకి దిగాక తీసేస్తారు. అంటే చక్రం బతుకంతా ఆ 70 మిల్లీమీటర్ల ఉక్కులో అరిగిపోతుంది. ఎంత తెలివి, ఎంత ఓపిక దాగున్నాయో ఆ ఏటవాలు అంచులో! కానీ దాన్ని రైలు అనలేం. పక్కనున్న బ్రేకునీ అనలేం. హాలు మొత్తం తిరిగి బయటికొచ్చాక రెండు వేల ఏళ్ల నాటి ప్రశ్న ఎదురొస్తుంది: ఇందులో రైలు ఏది?

ఆ ప్రశ్న మొదట రథం గురించి వచ్చింది. గ్రీకు రాజు మెనాండరు, బౌద్ధులు మిళిందుడని పిలుచుకున్నవాడు, భిక్షువు నాగసేనుడితో వాదానికి దిగాడు. నీ పేరు వెనక ‘నేను’ అనే మనిషి లేడంటావా అని రాజు నిలదీశాడు. నువ్వు ఎలా వచ్చావు మహారాజా అని భిక్షువు అడిగాడు. రథం మీద వచ్చానన్నాడు రాజు. అయితే రథం ఏదో చూపించు, ఇరుసా, చక్రాలా, నొగలా, కాడా, పగ్గాలా అని నాగసేనుడు ఒక్కొక్కటే తీసి చూపించాడు. రాజు అన్నిటికీ కాదనే అన్నాడు. అన్నీ కలిసిన కుప్పా? అదీ కాదు. చివరికి, ఇవన్నీ ఒక తీరుగా అమరినప్పుడు వాడుక కోసం పెట్టుకున్న పేరే రథం అని రాజే ఒప్పుకోవాల్సి వచ్చింది. మనిషి సంగతీ అంతేనన్నాడు నాగసేనుడు. మిళిందపన్హలోని ఈ ఘట్టాన్ని పెద్ద వాణిజ్య ప్రదర్శనలో చదువుకుంటే, ఆయన వేలు పెట్టి చూపించిన సరుకంతా కళ్లెదుటే విడివిడి బల్లల మీద ఉంటుంది.

కృష్ణా డెల్టాకి ఈ వాదం పరాయిది కాదు. పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే 1894లో అచ్చువేసిన పుస్తకంలో భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల బౌద్ధ స్తూపాలు మూడూ ఉన్నాయి. ఘంటసాల స్తూపం లోపలి అమరిక చూస్తే మధ్యలో ఇటుకల దిమ్మ, చుట్టూ గుండ్రటి గోడ, రెండింటినీ కలిపే అడ్డగోడలు. చక్రం నమూనాలో కట్టినట్టే ఉంటుంది. భట్టిప్రోలు గతి వేరు. 19వ శతాబ్దంలో అక్కడి ఇటుకల్ని రోడ్లకీ, రాతిని కాలువ కట్టడాలకీ పీక్కుపోయారు. ఇటుకలు పోలేదు, చోటు మారాయి. స్తూపం మాత్రం చాలావరకు పోయింది. నాగసేనుడి మాట నిజమేననడానికి డెల్టాలో ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

అయినా ఆ మాట న్యాయశాస్త్ర పండితులైన నైయాయికులు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి వాళ్లు చూపిన కారణం రైల్వేవాళ్లకి చప్పున అర్థమవుతుంది.

గౌతమ మహర్షి న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో ఆ కారణం ఉంది. వస్తువుని ఒకచోట పట్టుకుంటే మొత్తం నిలుస్తుంది, ఒకచోట లాగితే మొత్తం వస్తుంది. విడి ముక్కల పోగే అయితే పట్టుకున్న ముక్క ఒక్కటే చేతికి రావాలి కదా? కాబట్టి ముక్కలకి మించి ‘అవయవి’ అనే మొత్తం ఒకటి నిజంగా ఉంది. భాష్యం రాసిన వాత్స్యాయనుడే దీని మీద చిక్కు లేవనెత్తాడు. లక్కతో అంటించిన గడ్డిపోచా రాయీ కట్టెపుల్లా కూడా ఒకటి లాగితే రెండోది వస్తాయి, అంతమాత్రాన అవి ఒక్క వస్తువు అవుతాయా అన్నాడు. లాగితే రావడం అంటుకున్నందువల్ల కావచ్చు, ఒకటైనందువల్లే కానక్కర్లేదు.

పాత రోజుల్లో బందరు స్టేషన్లో ప్యాసింజరు బండి ఆగాక జరిగే పని ఈ చిక్కుకి సరిపోయే ఉదాహరణ. ఇంజనుకీ మొదటి పెట్టెకీ మధ్య ఒక మనిషి దూరేవాడు. రెండువైపులా బఫర్లు, నడుమ ఇనుప కొక్కెం, దానికి మరతో బిగించే లంకె. పిడి తిప్పి మర వదులు చేసి, లంకెని కొక్కెం మీంచి ఎత్తి దించేవాడు. ఇంజను పక్క లైను మీదుగా బండి రెండో కొసకి వెళ్లి, మళ్లీ అదే కొక్కేనికి అదే లంకెతో తగులుకునేది. పొద్దున విజయవాడ నుంచి తల అనిపించుకున్న చివర సాయంత్రానికి తోక. జంక్షన్లలో ఒక బండి పెట్టెల్ని విప్పి ఇంకో బండికి తగిలించడం కూడా మామూలే. ఇవాళ ఈ బండిలో ఉన్న పెట్టె రేపు మరో బండిలో ఉంటుంది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో చేసిన విభజన ప్రకారం ఇది సంయోగం, విడదీస్తే పోయే కలయిక. అవయవాలకీ అవయవికీ మధ్య ఉండేది సమవాయం, ఒకటి నశించేదాకా రెండోదాన్ని విడిచి ఉండలేని పొందిక. పాత ప్యాసింజరు న్యాయశాస్త్రం లెక్కలో అవయవి కాదు. సైన్యంలాంటిది, అడవిలాంటిది. దూరం నుంచి ఒకటిగా కనిపించే గుంపు.

ప్రదర్శనల్లో మెరుస్తున్న కొత్త బండ్లలో అసలు మార్పు ఇక్కడే వచ్చింది. ముక్కు ఆకారం, రంగు, కుర్చీల సోకు, ఇవన్నీ పైపై సంగతులు. 2018లో చెన్నైలో తయారై 2019 ఫిబ్రవరి 15న ఢిల్లీ నుంచి వారణాసికి బయల్దేరిన మొదటి వందే భారత్‌కి విడి ఇంజను లేదు. పదహారు పెట్టెల్లో సగం పెట్టెల కింద మోటార్లున్నాయి, వాటిని నడిపే విద్యుత్ వ్యవస్థ హైదరాబాదు సంస్థ మేధా ఇచ్చింది. లాగేదెవరు, లాగబడేదెవరు అన్న తేడా మొత్తం బండిలో కరిగిపోయింది. పెట్టెల మధ్య కలుపులు డిపోలో తప్ప విప్పడానికి వీల్లేనివి. ఒక పెట్టె నడవలేనంతగా చెడితే దాన్ని మాత్రమే విప్పి పక్కన పెట్టి ముందుకు సాగడం కుదరదు, సెట్టు మొత్తం ఆగిపోవాలి. సంయోగం సమవాయం వైపు జరిగిందన్నమాట. నైయాయికుడు అడిగిన అవయవికి బాగా దగ్గరగా వచ్చిన బండి ఇది. డీజిలుతో నడిచే డెమూలాంటి బండ్లకి రెండు కొసలా డ్రైవరు గదులుండటం కూడా ఈ దారిలో పడ్డ అడుగే.

అయితే మొత్తం దొరికిందనుకోగానే, నడిపేవాడు తప్పుకున్నాడు. 2018 ఇన్నోట్రాన్స్ సమయంలో సీమెన్స్ సంస్థ బెర్లిన్ పక్కనే ఉన్న పోట్స్‌డామ్ వీధుల్లో తనంతట తను నడిచే ట్రాముని చూపించింది. సిడ్నీలో 2019 మే 26న మొదలైన డ్రైవరు లేని మెట్రోకి ఆరు పెట్టెల రైళ్లు 22, ఎక్కడో కాదు, మన శ్రీసిటీలో ఆల్‌స్టామ్ కర్మాగారంలోనే తయారయ్యాయి. కఠోపనిషత్తు దేహాన్ని రథమంది, బుద్ధిని సారథి అంది, మనస్సుని పగ్గం అంది. సారథి అదుపు తప్పితే గుర్రాలు లొంగవనీ, రథి గమ్యం చేరడనీ భయం ఆ ఉపమానంలో ఉంది. సిడ్నీ రైలు సారథి లేకుండానే గమ్యం చేరుతోంది. అందుకని ఉపనిషత్తు పాతబడిపోయిందనడం తొందరపాటు. దాంట్లో సారథికంటే పైన ఇంకొకరున్నారు: రథంలో కూర్చున్న రథి. పగ్గాలు యంత్రానికిచ్చినా ఆ స్థానం ఎవరికీ ఇవ్వలేదు. నాగసేనుడూ నైయాయికుడూ బండిని ఎంత విప్పినా ఎంత బిగించినా, అది ఎవరి కోసమని మాత్రం ఈ వాదాల్లో అడగలేదు.

అడిగినవాడు సాంఖ్య దర్శనానికి చెందిన ఈశ్వరకృష్ణుడు. సాంఖ్యకారిక 17లో ఆయన ఇచ్చిన మొదటి హేతువు, కూర్పులన్నీ ఇంకొకరి కోసమే ఉంటాయన్నది. వ్యాఖ్యాతలు మంచాన్ని చూపించారు. పట్టెలు, కోళ్లు, నులక, పరుపు కలిసి మంచమైంది. మంచం మంచం కోసం లేదు, పడుకునేవాడి కోసం ఉంది. 2025 ఢిల్లీ ప్రదర్శనలో కైనెట్ సంస్థ వందే భారత్ స్లీపరు మొదటి తరగతి పెట్టె నమూనా పెట్టింది. బెర్తులు, దీపాలు, నిచ్చెన, అన్నీ కుదిరాయి. చక్రాల్లేవు, దారి లేదు, దాని మీద ఒక రాత్రి నిద్రపోయినవాడు లేడు. సాంఖ్యుల వాదం ఇంత కచ్చితంగా కట్టి చూపించిన వస్తువు మరొకటి దొరకదు. ఆ బెర్తు ఇంకా మంచం కాలేదు.

ఇక్కడే తేల్చి చెప్పాల్సిన మాట ఒకటుంది. రైలు మొత్తమా ముక్కలా అన్న తగవు చక్రాల దగ్గరా కొక్కేల దగ్గరా తేలదు. చేరాల్సిన ఊరున్న మనిషి ఎక్కినప్పుడే ఆ ఇనుము రైలవుతుంది. బౌద్ధుడు దీనికి వెంటనే అడ్డుతగులుతాడు: ఆ మనిషి కూడా కూర్పే కదా, అతను ఇంకెవరి కోసం? తత్త్వంలో ఆ ఎదురుప్రశ్న బలమైనదే, పురుషుడనేది కూర్పు కాని వస్తువు అన్నది దానికి సాంఖ్యుల జవాబు. కానీ రైల్వే ప్రణాళిక గదిలో ఆ బలం చెల్లదు. ప్రయాణం చేసేవాడు బౌద్ధులు స్కంధాలనే అంశాల కూర్పే అయినా, అతనికి కాళ్ల నొప్పులుంటాయి, ఆస్పత్రికి చేరాల్సిన వేళ ఉంటుంది. నాగసేనుడు కూడా ఆ మనిషిని దారిలో దింపేయమనలేదు.

డెల్టాలో ఈ సంగతి పటం మీదే కనిపిస్తుంది. విజయవాడ నుంచి గుడివాడ, పెడన, చిలకలపూడి మీదుగా వచ్చే పట్టాలు బందరులో ఆగిపోతాయి. తెనాలి నుంచి భట్టిప్రోలు మీదుగా వచ్చే పట్టాలు రేపల్లెలో ఆగిపోతాయి. నడుమ కృష్ణ పాయలు, ఆ పాయల మధ్య అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, దివిసీమ మొత్తం. విజయవాడ, గుడివాడ, భీమవరం, నరసాపురం, బందరు, నిడదవోలు మార్గాలు 221 కిలోమీటర్ల మేర రెండో లైనూ కరెంటు తీగలూ వేసుకుని కొత్త రూపం దిద్దుకున్నాయి. వాటి మీద ఎంత కొత్త బండి వచ్చినా దివిసీమకి ఒక్క అంగుళం పట్టా కూడా చేరలేదు. బందరు, రేపల్లె మధ్య లైను కావాలన్న కోరిక తరాలుగా వినిపిస్తూనే ఉంది. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో వేల మందిని పోగొట్టుకున్న సీమ అది. ఇవాళ పులిగడ్డ, పెనుమూడి మధ్య రోడ్డు వంతెన ఉంది, బస్సులు తిరుగుతున్నాయి. రైలెక్కాలంటే మాత్రం బస్సెక్కి ఒడ్డు మారాల్సిందే.

కొత్త లైను మాట వచ్చినప్పుడల్లా సరుకెంత, రాబడి ఎంత అన్న లెక్క ముందుకొస్తుంది. మంగినపూడి దగ్గర పోర్టు పనులు మొదలయ్యాక ఆ లెక్కకి బలం కూడా వచ్చింది. మంచిదే, బొగ్గూ ఎరువూ ధాన్యమూ కదలాలి. అయితే సాంఖ్యుడి వరసలో లెక్క అక్కడ మొదలు కాదు. మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమంలో స్నానానికి వచ్చేవాళ్లు, కోడూరు నుంచి విజయవాడ పెద్దాసుపత్రికి నెలనెలా వెళ్లే కిడ్నీ రోగులు, నాగాయలంక నుంచి గుంటూరు కాలేజీకి పెట్టె సర్దుకునే పిల్లలు, వీళ్ల పేర్లు రాసుకున్నాక రెండో కాలమ్‌లో టన్నులు రాయాలి. బెర్లిన్‌లో 2024 తర్వాతి ప్రదర్శన 2026 సెప్టెంబరులో. అక్కడ బండ్లు ఎంచే అధికారి ఎవరైనా, ఏ కొత్త బెర్తు మీద చెయ్యి వేసినా, దాని మీద పడుకోబోయేది ఎవరు, వాళ్లు ఏ స్టేషన్లో ఎక్కుతారు అని ఆ స్టాల్లోనే అడగాలి.